నైరుతిలో నీళ్ళు

నా భార్య పెంచిన చేపల్ని నా తమ్ముడు రాజశేఖర్ చంపాడు. ఇందులో వాదనకు చోటు లేదు. కావాలని చంపలేదు కదా అని వినుకొండలో సగం మంది నాతో అన్నారు. కావాలని చంపేవాడికి తానేం చేస్తున్నాడో తెలుస్తుంది. వీడికి అదీ తెలియదు.

ఆ ఎండాకాలం మున్సిపల్ ఎన్నికలొచ్చాయి. రాజశేఖర్ మా వార్డులో కౌన్సిలర్‌గా నిలబడ్డాడు. అంతకుముందు ఎరువుల కొట్టు పెట్టి మూసేశాడు. కోళ్ళఫారం పెట్టి మూసేశాడు. ఒక పార్టీలో చేరి, బయటికొచ్చి, ఇంకో పార్టీలో చేరాడు. ఏ పనీ చేతగాక ఇక ప్రజలకు సేవ చేద్దామనుకున్నాడు.

మాది ఒకే ప్రహరీలో రెండు వాటాలు. తూర్పు వాటా వాడిది, పడమటి వాటా నాది. మధ్యలో ఇద్దరికీ ఒకటే వాకిలి. నా వాటాలో నైరుతి మూల గది చీకటిగా, చల్లగా ఉంటుంది. చేపల తొట్టి అక్కడ ఉండేది.

అవి డిస్కస్ చేపలు. అరచేతంత పళ్ళేన్ని నిలువుగా నిలబెట్టినట్టు ఉంటాయి. అలివేలమ్మ గుంటూరు ఆసుపత్రి వరండాలో తన వంతు కోసం కూర్చున్నప్పుడు అక్కడి తొట్టిలో వాటిని చూసి మనసు పడింది. నేను శావల్యాపురం బళ్ళో ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి. చేపంటే పులుసే అనుకునేవాణ్ణి. అయినా ఒక జత తెచ్చిపెట్టాను. మాకు పిల్లల్లేరు. ఆ సంగతి ఒకసారి చెబితే చాలు.

ఆ చేపలకు నీళ్ళ వేడి ఇరవై ఎనిమిది డిగ్రీలకు తగ్గకూడదు, ముప్పై దాటకూడదు. చలికాలం దానికొక హీటరుంది, అది తేలిక. ఎండాకాలమే నరకం. బయట నలభై ఐదులో ఊరు ఉడుకుతుంటే గాజుపెట్టెలో నీళ్ళను ముప్పై దగ్గర ఆపాలి. తొట్టి మీద మూత తీసేయాలి. మూడు పక్కలా తడిపిన గోనెపట్టా కప్పాలి. నీటి మీదుగా చిన్న ఫ్యాను గాలి పోవాలి. బోరు నీళ్ళు ఉప్పు, పనికిరావు. క్యానుల్లో కొన్న మంచినీళ్ళు కుండల్లో పోసి ఉంచి, చెంబుతో కొంచెం కొంచెంగా కలపాలి. అన్నిటికంటే ముఖ్యం, తొందర పడకూడదు. వేడెక్కితే చేప రొప్పుతుంది, ఓర్చుకుంటుంది. ఉన్నట్టుండి చల్లబడితే చచ్చిపోతుంది.

ఇదంతా అలివేలమ్మ నేర్చుకుంది. మంచం పట్టాక నాతో చేయించింది.

"ఏమయ్యా, గీత ఎంతలో ఉంది?" అని పడుకునే అడిగేది. గాజుకు అతికించిన థర్మామీటరులో ఎర్రగీత సంగతి అది. తన జ్వరం ఎంతో ఒక్కరోజు కూడా అడగలేదు.

ఆ జత చానాసార్లు గుడ్లు పెట్టింది. ఒకసారి గుడ్లు తెల్లబడి బూజు పట్టాయి. ఇంకోసారి తలుపు చప్పుడుకు బెదిరి తల్లిదండ్రులే తినేశాయి. "ఒక్కసారి పిల్లల్ని చూస్తే చాలయ్యా" అనేది. చూడకుండానే పోయింది. ఆమె పోయిన తర్వాత వచ్చిన మొదటి ఎండాకాలం ఇది.

మార్చి నెలాఖరున ఆ చేపలు తొట్టిలో బోర్లించిన పిడత మీద మళ్ళీ గుడ్లు పెట్టాయి. అదే రోజు ఫ్యాను ఆగిపోయింది. కూలర్లు, ఫ్యాన్లు బాగుచేసే ముర్తుజాను పిలిచాను. మా వీధివాడే.

"బాబాయ్, నీకు పైన తిరిగే ఫ్యాను రెక్క ఊడి ఏడాదైంది. దాన్నిప్పుడైనా బిగిస్తావా?"

"దాని సంగతి తర్వాత. ఇది చూడు."

"చేపలకి గాలి, నీకు చెమట. పిన్నమ్మ చూస్తే నవ్వుద్ది."

"నవ్వదు. గీత చూడమంటుంది."

ముర్తుజా ఫ్యాను బాగుచేసి, కరెంటు పోయినా ఆగకుండా పాత బ్యాటరీ ఒకటి తగిలించాడు. పోతూ పోతూ తొట్టిలోకి తొంగి చూశాడు. రెండు చేపలూ వంతులవారీగా గుడ్లకు రెక్కలతో విసురుతున్నాయి.

"నువ్వు వీటికి, ఇయ్యి గుడ్లకి. బాగానే కుదిరారు ముగ్గురూ" అన్నాడు.

ఈసారి గుడ్లు పిల్లలయ్యాయి. పిల్లలు ఆవగింజల్లా పిడతకు వేలాడి, తర్వాత లేచి ఈదాయి. ఈది నేరుగా తల్లి ఒంటికీ తండ్రి ఒంటికీ అంటుకున్నాయి. ఈ చేపలకు పాలుండవు. ఒంటి మీద జిగురు ఊరుతుంది, పిల్లలు అది కొరుక్కు తిని బతుకుతాయి. తల్లి అలసిపోతే ఒంటిని ఒక్కసారి విదిలించి పక్కకు తప్పుకుంటుంది, పిల్లలన్నీ మబ్బులా కదిలి తండ్రి మీద వాలతాయి. అలివేలమ్మ ఇదంతా ఫోనులో చూసి నాకు చెప్పింది. నేను నమ్మలేదు. ఇప్పుడు కుర్చీ వేసుకుని కూర్చుని చూశాను.

సరిగ్గా అప్పుడే నా తమ్ముడికి వాళ్ళ వదిన మీద ప్రేమ పుట్టింది.

బస్టాండు దగ్గర చలివేంద్రం పెట్టాడు. పైన ఫ్లెక్సీ కట్టాడు. దాని మీద చేతులు జోడించి వాడు నిలువెత్తున ఉన్నాడు. వాడి మోకాలి దగ్గర, అరచేతంత గుండ్రంలో అలివేలమ్మ. 'కీర్తిశేషులు అలివేలమ్మ గారి జ్ఞాపకార్థం.' ఫొటో నన్నడిగితే ఇవ్వనని, వాడి పెళ్ళాం భార్గవి పెళ్ళి ఆల్బంలోంచి పీకి ఇచ్చింది. బతికుండగా ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి కారడిగితే వాడి కారుకు ఎప్పుడూ పంక్చరే. ఇప్పుడు రోజూ ఐసుదిమ్మలు తెప్పించి, పగలగొట్టి డ్రమ్ముల్లో వేయించి, ఆమె పేరు మీద ఊరికి చల్లటి నీళ్ళు పోస్తున్నాడు.

"అన్నా, నువ్వొకసారి వచ్చి గ్లాసు అందిస్తే ఫొటో తీసుకుంటాం" అన్నాడు.

"నాకు దాహం లేదు."

"తాగమనలా. పొయ్యమంటన్నా."

"నీకు ఓట్లు పొయ్యడానికి నా చేతులే దొరికినయ్యా?"

వాడు నవ్వాడు. వాడికి సిగ్గన్నది లేదు, అందుకే వాణ్ణి ఎంత తిట్టినా వృథా.

ఆ మర్నాడు ఈపూరు నుంచి సిద్ధాంతిని కారులో దింపారు. ఆ కారుకు ఆ రోజు పంక్చర్ లేదు. మెళ్ళో పట్టు కండువా, చేతిలో దిక్సూచి, వెనక వాడి అనుచరులు ఓ అరడజను. ఇల్లంతా తిరిగాడు. తూర్పు వాటాలో గేటు మార్చమన్నాడు, మెట్లు పగలగొట్టమన్నాడు. తర్వాత నన్నడక్కుండానే నా గదిలోకొచ్చి తొట్టి ముందు ఆగాడు.

"ఇదేంది? నైరుతిలో నీళ్ళా?"

"చేపలు" అన్నాను.

"చేపలైతే నీళ్ళు కావా? నైరుతిలో నీళ్ళుంటే ఇంట్లో మగాడు లేవడు. రెండు వాటాలైనా ప్రహరీ ఒకటే గదా, తమ్ముడికీ తగులుద్ది. నీళ్ళెప్పుడూ ఈశాన్యంలో ఉండాలి." గోడ మీద అలివేలమ్మ ఫొటో చూశాడు. "ఈ తొట్టి వచ్చినాకేగా ఇల్లాలు పోయింది?"

ఒక అనుచరుడు అవునన్నట్టు తలూపాడు.

"ఆమెకు కేన్సరు. పాపం, గుంటూరు డాక్టరుకు మూలలు తెలియక మందులిచ్చాడు" అన్నాను.

"అన్నా, పెద్దాయనతో ఎటకారం ఏంది?" అన్నాడు రాజశేఖర్. "తొట్టి నా వరండాలోకి మార్పిద్దాం. అక్కడైతే నలుగురూ చూస్తారు గూడా."

వాడి ఈశాన్యం వరండాకు తూర్పున నిలువెత్తు అద్దాలు. పొద్దున్నే ఎండ నేరుగా లోపలికి దిగుతుంది. ఆ సంగతి వాడికి విడమర్చి చెప్పాను. పిల్లలు ఇంకా తల్లి ఒంటి మీదే బతుకుతున్నాయని, వేడి తగిలినా బెదిరినా అన్నీ పోతాయని, అవి విడిగా మేత తినేదాకా తొట్టి కదలకూడదని చెప్పాను. పిల్లల్ని వేలుతో చూపించాను. వాడితో అంతసేపు మాట్లాడటం అదే ఆఖరు.

వాడు వంగి చూశాడు. "నలుసుల్లా ఉండయ్యే" అన్నాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, "సరే అన్నా. వదిన చేపలు. నువ్వెప్పుడంటే అప్పుడే" అన్నాడు. భార్గవి గడప దగ్గర నిలబడి ఆ మాట వింది.

నేను నమ్మాను.

నాలుగు రోజులకు పిల్లలకు మేత అవసరమైంది. తల్లి ఒళ్ళు అక్కడక్కడా పాలిపోయి కనిపించింది. ఇంకా ఆలస్యమైతే అది పిల్లల్ని దగ్గరికి రానివ్వదు. వాటికి పెట్టే ఉప్పురొయ్య గుడ్లు నరసరావుపేటలో షాకిర్ కొట్లో దొరుకుతాయి. పొద్దున రైలెక్కే ముందు పట్టాలు తడిపాను, కుండలు నింపాను. గీత ఇరవై తొమ్మిదిలో ఉంది. తలుపుకు తాళం వేసి, చెవి ఎప్పట్లాగే భార్గవికిచ్చాను.

"మధ్యాన్నం పట్టాలు ఒకసారి తడుపమ్మా."

"అట్టాగే బావగారూ" అంది.

తిరిగొచ్చేసరికి మూడు దాటింది. వీధి మొదట్లో ముర్తుజా కొట్టులోంచి లేచి ఎదురొచ్చాడు.

"బాబాయ్, కొంచెం కూర్చోని పో."

"ఏంది?"

"తొట్టి మార్చారు. నేనెళ్ళి వద్దన్నా. వినలా."

నడుస్తుండగా మిగతాది చెప్పాడు. నామినేషన్ వేయడానికి ఆ రోజే ముహూర్తం కుదిరిందట. ఆలోపే నైరుతిలో నీళ్ళు లేకుండా చేయాలని సిద్ధాంతి ఫోను చేశాడట. నేను రైలెక్కగానే నలుగురు కలిసి నీళ్ళు బకెట్లతో తోడి పారబోసి, చేపలు అడుగున కొట్టుకుంటుంటే తొట్టి ఎత్తి, వాకిలి దాటించి, అద్దాల వరండాలో పెట్టారు. కుండల్లో మంచినీళ్ళు ఉన్నాయి. అవి ఎవరికీ కనబడలేదు. మేడ మీద సింటెక్స్ ట్యాంకుకు పైపు తగిలించి నింపారు. ఆ నీళ్ళలో చెయ్యి పెడితే కాలుతుంది. పైగా బోరు నీళ్ళు. దాని మీద ఎండ. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. ఎవడో చూసి, అయ్యో ఉక్కపోస్తున్నట్టుంది అన్నాడు. చలివేంద్రం నుంచి ఐసు తెప్పించి, పెద్ద పెద్ద పెళ్ళలు తొట్టిలో పడేశారు. చేపలు ఊరుకునేసరికి నెమ్మదించాయనుకున్నారు. అందరూ కలిసి నామినేషన్‌కు వెళ్ళారు.

నేను వెళ్ళేసరికి ఊరేగింపు తిరిగొచ్చి వరండాలో మజ్జిగ తాగుతోంది. తొట్టి మీద పార్టీ కండువా పరిచి ఉంది. లోపల ఇంకా కరగని ఐసు పెళ్ళ ఒకటి గాజుకు తగులుతూ తేలుతోంది. ఎర్రగీత ఇరవైకి దిగింది. రెండు చేపలూ అడుగున పక్కకు ఒరిగి ఉన్నాయి. పిల్లలు ఎక్కడా కనిపించలేదు. వంగి చూస్తే ఇసుక మీద దుమ్ములా ఉన్నాయి.

నా చేతిలో ఉప్పురొయ్య గుడ్ల పొట్లం ఉంది. జేబులో పెట్టుకున్నాను.

"అన్నా, కోపం తెచ్చుకోమాక" అన్నాడు రాజశేఖర్. వాడి మెడలో ఇంకా దండ ఉంది. "మనోళ్ళు చల్లగా ఉంటయ్యని ఐసు గూడా ఏశారు. అయినా చేపలేగా. గెలవగానే డజను తెప్పిస్తా, ఎర్రవి."

"అడక్కుండా మార్చనని అక్కకి మాటిచ్చారు గదండీ" అని భార్గవి గొణిగింది. బావగారికి అనబోయి అక్క అంది. వాడు ఆమెను కళ్ళతోనే లోపలికి పంపాడు. ఆమె వెళ్ళింది. తాళం చెవి ఇచ్చింది ఆమే. ఇప్పుడు గొణిగితే ఏం?

చేపలు చచ్చాయని తెలియగానే అనుచరుల ముఖాలు మాడిపోయాయి. నా బాధ చూసి కాదు. నామినేషన్ రోజున ఇంట్లో ప్రాణం పోతే అపశకునం కదా. రాజశేఖర్ హడావిడిగా సిద్ధాంతికి ఫోను చేసి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టాడు.

"జత పోయిందా? శుభం" అన్నాడు సిద్ధాంతి. "మీకు రావాల్సిన గండం అవి మోసుకుపోయినై. ఇంక ఎదురులేదు."

వరండా మొత్తం ఊపిరి పీల్చుకుంది. ఒకడు చప్పట్లు కొట్టాడు. ఇంకొకడు నాకు మజ్జిగ గ్లాసు అందించాడు. "పెద్దాయనా, మంచే జరిగింది" అన్నాడు. చదువుకున్నవాడే. పిల్లలకు ట్యూషన్లు చెబుతాడు.

నేను చేపల్ని చేత్తో తీశాను. ఐసులోంచి తీసినట్టు ఉన్నాయి. తువ్వాల్లో చుట్టుకుని నా వాటా వైపు వెళ్ళాను. గడ్డపార తీసుకుని గది వెనక, ప్రహరీ మూలలో తవ్వడం మొదలుపెట్టాను. చేపల్ని పూడ్చటానికి జానెడు లోతు చాలు. నా ఉద్దేశం అంతే.

గడ్డపార చప్పుడుకు రాజశేఖర్ పరిగెత్తుకొచ్చాడు. చెప్పులు కూడా వేసుకోలేదు.

"అన్నా, అక్కడ తవ్వమాక."

నేను తవ్వుతున్నాను.

"అది నైరుతి అన్నా. నైరుతిలో గొయ్యి తియ్యగూడదు. ఇట్టా తే, నేను వేరేచోట పూడ్పిస్తా."

తలెత్తి వాడి ముఖం చూశాను. వరండాలో చేపలు చచ్చి పడి ఉన్నప్పుడు ఆ ముఖంలో చెమట లేదు. ఇప్పుడు ఉంది. నుదుటి మీద ఊరేగింపులో పెట్టిన కుంకుమ కరిగి చెంపల మీదికి కారుతోంది.

జానెడు లోతు అప్పటికే అయింది. నేను ఇంకొంచెం తవ్వాను.

"నీకు దణ్ణం పెడతా. నామినేషన్ ఏసినరోజు. ఒరేయ్, ఎవరన్నా వచ్చి అన్నని పట్టుకోండ్రా."

ఎవరూ రాలేదు. గడ్డపార చేతిలో ఉన్న ముసలాడి దగ్గరికి అనుచరులెవరూ రారు. చీకటి పడేదాకా తవ్వాను. మర్నాడు కూలీని పెట్టి తవ్వించాను. చేపల్ని గోడవారగా వేరే పూడ్చి, గొయ్యిని నడుం లోతు చేశాను. అడుగున ప్లాస్టిక్ పట్టా పరిచి, కుండల్లో మిగిలిన మంచినీళ్ళు మొదట పోశాను. మిగతాది బోరు నీళ్ళతో నింపాను. చేపలకు పనికిరావు గాని, నా తమ్ముడికి సరిపోతాయి.

నేను మూలల్ని నమ్మను. వాడు నమ్ముతాడు. నాకు అంతకంటే ఏం కావాలి?

పోలింగు దాకా వాడికి నిద్ర లేదు. పెద్దమనుషుల్ని పంపాడు. వాళ్ళు నా కుర్చీలో కూర్చుని, నా టీ తాగి, అన్నదమ్ములంటూ మొదలుపెట్టారు. నేను గొయ్యిలో చెంబు ముంచి వాళ్ళ కాళ్ళ మీద కొంచెం నీళ్ళు చల్లాను, ఎండ కదా అని. మళ్ళీ రాలేదు. సిద్ధాంతి వచ్చాడు. గొయ్యికి ఎదురుగా రాగిరేకు పాతమన్నాడు. పాతారు. దానికి ఎదురుగా ఇంకేదో పాతమన్నాడు. అదీ పాతారు. పాతిన వస్తువుల్ని లెక్కేసుకుంటూ నా తమ్ముడు ప్రచారానికి తిరగటం తగ్గించాడు. వార్డులో ఇళ్ళు తిరగాల్సినవాడు ఇంట్లోనే ప్రహరీ చుట్టూ తిరిగాడు. వీధుల్లో బ్లీచింగు పొడి చల్లిస్తూ అవతలి పార్టీ తరపున నిలబడ్డావిడ ప్రతి గడపా ఎక్కింది.

"బాబాయ్, పొద్దున మీ తమ్ముడు నా కొట్టుకొచ్చాడు" అన్నాడు ముర్తుజా ఒకరోజు. "రాత్రిపూట సైలెంటుగా నీళ్ళు తోడే మోటారు ఉందా అని."

"ఉందన్నావా?"

"చప్పుడు చేసేదే ఉందన్నా."

ఆ ఎండాకాలంలో నేను నవ్వింది ఆ ఒక్కసారే.

రాజశేఖర్ ఓడిపోయాడు. దారుణంగా ఏం కాదు, పదిళ్ళు ఎక్కువ తిరిగితే గెలిచేవాడు. ఆ సాయంత్రం వాకిట్లోకొచ్చి నిలబడి అరిచాడు.

"నీ గొయ్యే నన్ను ముంచింది. సొంత తమ్ముణ్ణి. రెండు చేపల కోసం."

వాడికి లెక్క కూడా తప్పే. పిల్లల్ని వదిలేశాడు. నేను లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాను.

వారం తిరక్కుండా వాకిలి మధ్యలో గోడ లేచింది. వాడే కట్టించాడు, గొయ్యి వేరే ప్రహరీలోకి పోతే దోషం తగలదని సిద్ధాంతి చెప్పాడట. ఆ ఒక్క విషయంలో సిద్ధాంతి నాకు మేలు చేశాడు.

గోడ పూర్తయ్యే ముందు, చివరి వరుస ఇటుకలు పేర్చుతుండగా, భార్గవి అటువైపు నుంచి నిలబడి పిలిచింది.

"బావగారూ. నేను తాళం ఇవ్వకపోతే తలుపు పగలగొడతారేమోనని ఇచ్చా. మీకు చెప్పుకోవాలని చానా రోజుల్నుంచి..."

నేను గొయ్యి మీద తేలుతున్న వేపాకు తీస్తున్నాను.

"అక్క ఉంటే క్షమించేది" అంది.

"అక్క లేదు" అన్నాను.

మేస్త్రీ ఆమెను పక్కకు తప్పుకోమని, ఇటుక పెట్టాడు.

బస్టాండు దగ్గర టీ కొట్లో ఇప్పటికీ అడుగుతారు, చేపల కోసం తమ్ముణ్ణి వదులుకున్నావటగా అని. పెళ్ళిళ్ళలో అడుగుతారు. మొన్న రైల్లో ఎవడో అడిగాడు. వాళ్ళందరికీ ఇదే జవాబు, ఇక్కడ ఒక్కసారి చెప్పాను. మళ్ళీ ఎవరడిగినా, భార్గవి అడిగినా, చావు మంచం మీద వాడే అడిగినా, ఈ సంగతి నా నోట రాదు.